కోత మిల్లు మీది కప్పు

కోత మిల్లు షెడ్డు అంటే పాతిన గుంజలు, వాటి మీద దూలాలు, ఆపైన రేకులు. గోడలు ఉండవు, ఉన్నా ఒక పక్కో రెండు పక్కలో. ఇంత సాదా కట్టడానికి చరిత్ర ఏముంటుందిలే అనిపిస్తుంది. అయితే గుంజ ఎక్కడ పాతాలి, ఎక్కడ పాతకూడదు, కప్పు ఎంత పొడుగు సాగాలి అన్నవన్నీ ఆ నీడన జరిగే కోతను బట్టే తేలతాయి. రంపం ఒకచోట నిలిచి దుంగ దాని మీదికి నడిచొస్తే ఒక లెక్క. దుంగ కదలకుండా పడుకుని రంపమే దాని వెంట నడిస్తే ఇంకో లెక్క. 20 అడుగుల దుంగ నిలకడ రంపాన్ని దాటాలంటే కోతకు ముందు ఇవతల 20 అడుగులు, కోత అయ్యాక అవతల 20 అడుగులు, మొత్తం 40 అడుగులకు తగ్గని జాగా కావాలి. అదే దుంగను నడిచే రంపంతో కోస్తే 30 అడుగులు సరిపోతుంది. కోత మిల్లు కప్పు కాలక్రమంలో పెరిగిందన్నా తరిగిందన్నా ముఖ్యంగా ఈ లెక్క వల్లనే.

మిల్లు రాకముందు కోతంటే ఇద్దరు మనుషులు, ఒక పొడవాటి రంపం. ఐరోపాలో నేలలో గొయ్యి తవ్వి, దాని మీద అడ్డకర్రలు పరిచి, దుంగను వాటి మీదికి దొర్లించేవారు. ఒకడు దుంగ మీద నిలబడితే ఇంకొకడు గోతిలోకి దిగేవాడు. మన దేశంలో చాలాచోట్ల గొయ్యి బదులు కర్రల దన్ను కట్టి దుంగనే ఎత్తుకు ఎక్కించేవారు. రంగులో ముంచిన దారాన్ని దుంగ పొడుగునా బిగించి, మధ్యలో పట్టి లాగి వదిలితే గీత పడుతుంది. ఆ గీత తప్పకుండా చూసుకోవడం పైవాడి పని. కోత తెగేది రంపం కిందికి దిగేటప్పుడు. కిందివాడు లాగినప్పుడల్లా పొట్టు అతని కళ్లలో, మెడ మీద, చెమట పట్టిన వీపు మీద రాలుతుంది. ఓడలు కట్టే రేవుల్లో గొయ్యి ఏళ్ల తరబడి ఒకేచోట ఉండేది కాబట్టి దాని మీద పాక వేసేవారు. లేకపోతే వానకు గొయ్యి కాస్తా నీటి గుంట అవుతుంది. అడవిలో ఆ బాధ లేదు. పడిన చెట్టు పక్కనే తవ్వి, అక్కడే కోసి, పలకలు మోసుకుపోయేవారు. మాను మోయడం కంటే పలక మోయడం సులువు. అంటే రంపమే చెట్టు దగ్గరికి వెళ్లడం ఈ కాలపు యంత్రాలు కనిపెట్టిన సంగతేమీ కాదు. మొదటి పద్ధతే అది.

నీటి బలంతో రంపం నడపడం రోమన్ల నాటికే తెలుసు. నేటి టర్కీలోని హియరాపొలిస్‌లో క్రీస్తు శకం 3వ శతాబ్దపు రాతి శవపేటిక ఒకటి దొరికింది. దాని మీద నీటి చక్రం, దానికి తగిలించిన రెండు రంపాలు చెక్కి ఉన్నాయి. అవి కోసేది మాత్రం రాయిని. చెక్కను కోసే నీటి రంపం బొమ్మ 13వ శతాబ్దపు ఫ్రెంచి వాడు విలార్ ద ఒన్‌కూర్ చిత్రాల పుస్తకంలో ఉంది. నీటి చక్రం రంపాన్ని కిందికి లాగుతుంది, వంచిన కర్ర ఒకటి విల్లులా దాన్ని తిరిగి పైకి గుంజుతుంది. దుంగ కూడా దానంతట అదే కొంచెం కొంచెం ముందుకు జరుగుతుంది. మనిషి గోతిలోంచి పైకి వచ్చాడు. నడక దుంగ వంతు అయింది. విలార్ బొమ్మలో కప్పు లేదు. యంత్రం నచ్చినవాడికి కప్పు గుర్తు రాకపోవడం అప్పటి నుంచీ ఉన్నట్టుంది.

ఆ కప్పు గురించి నిజంగా తల బద్దలు కొట్టుకున్నది డచ్చివాళ్లు. ఊయిట్‌గేస్ట్ అనే ఊరి రైతు కోర్నెలిస్ కోర్నెలిస్‌జోన్ గాలిమరతో నడిచే కోత మిల్లుకు 1593లో హక్కు పత్రం తీసుకున్నాడు. మరుసటి ఏడాది కట్టిన మొదటి మిల్లు ఒక తెప్ప మీద తేలుతూ ఉండేది. గాలి ఎటు మళ్లితే తెప్పను అటు తిప్పాలన్నది ఆలోచన. గాలిమర గుండ్రంగా తిరుగుతుంది, రంపం పైకీ కిందికీ ఆడాలి. ఈ రెంటినీ కలిపింది వంకర ఇరుసు. ఇరుసు ఒక చుట్టు తిరిగితే రంపాల చట్రం ఒకసారి లేచి దిగుతుంది. దిగినప్పుడల్లా పళ్ల చక్రం ఒక పన్ను తిరిగి దుంగను ముందుకు లాగుతుంది. ఒకే చట్రంలో ఎన్నో రంపాలు వరసగా బిగించవచ్చు కాబట్టి దుంగ ఒక్కసారి అటు వెళ్లేసరికి పలకల కట్ట అయి బయటపడుతుంది. చేతి రంపాలకు 120 రోజులు పట్టే 60 దుంగలను ఈ మిల్లు నాలుగైదు రోజుల్లో తెగ్గోసేదని హాలెండులో చెప్పుకునే లెక్క.

తెప్ప ఉపాయం నిలవలేదు. దాని తరవాత వచ్చిన పాల్ట్రాక్ రకం మిల్లు మాత్రం వడ్రంగం తెలిసినవాళ్లు ఇప్పటికీ ఆగి చూసే కట్టడం. ఇందులో గాలికి ఎదురు తిరిగేది పైనున్న టోపీ ఒక్కటే కాదు. మిల్లు, కోత అరుగు, దాని మీది కప్పు, దుంగలెత్తే క్రేను, మనుషులు, అన్నీ కలిసి ఇటుక పునాది మీద వరసగా పేర్చిన దొర్లుడు చక్రాల మీద తిరుగుతాయి. నడుమ మిల్లు నిటారుగా ఉంటే రెండు పక్కలా కోత అరుగు కప్పులు కిందికి విచ్చుకుని ఉంటాయి. కుచ్చుల అంగీ తొడుక్కున్న మనిషిలా కనిపిస్తుంది. పేరు కూడా ఆ కాలంలో వాడిన అలాంటి అంగీ నుంచే వచ్చింది. కోత అరుగుకు పక్కలు తెరిచి ఉంచారు, దుంగ రావాలి, పలక పోవాలి కాబట్టి. దుంగలు కాలువ నీళ్లలో నానుతూ ఉంటాయి. నీళ్లలో ఉన్న కర్ర పగలదు. క్రేను వాటిని నీళ్లలోంచి ఎత్తి నేరుగా అరుగు మీద దించుతుంది. కదిలే దుంగకు జాగా, వానకు అడ్డు, మొయ్యడానికి దారి, ఈ మూడింటినీ కలిపి ఒక కప్పు కింద ఆలోచించిన మొదటి షెడ్డు ఇదే అనవచ్చు.

తరవాతి కాలపు పెద్ద మిల్లుల్లో టోపీ మాత్రమే తిరిగే పద్ధతి వచ్చింది. కింద కట్టడం కదలదు కాబట్టి రెండు వైపులా ఎంత పొడుగు షెడ్డయినా వేసుకోవచ్చు. దుంగ ఒక షెడ్డులోంచి వచ్చి, మిల్లు నడుమ తెగి, అవతలి షెడ్డులోకి పోతుంది. పాల్ట్రాక్ అందంగా ఉంటుంది గాని పొడుగు దుంగకు పనికొచ్చింది ఈ రెండోదే. ఆమ్‌స్టర్‌డామ్ కోత పనివాళ్ల సంఘం తమ ఊళ్లో మిల్లులను అడ్డుకోవడంతో అవన్నీ ఉత్తరాన జాన్ నది ఒడ్డుకు చేరాయి. 18వ శతాబ్దానికి అక్కడ రెండు వందలకు పైగా కోత మిల్లులు ఆడేవి. ఓడల పని నేర్చుకోవడానికి రష్యా జారు పీటర్ 1697లో వచ్చి దిగింది ఈ జాన్‌డామ్ ఊళ్లోనే. అక్కడి ఒక పెద్ద మిల్లును 1942లో పడగొట్టారు. పడగొట్టక ముందు ఎవరో కొలతలతో సహా గీసి ఉంచిన పటాల పుణ్యమా అని 2007లో దాన్ని మళ్లీ నిలబెట్టగలిగారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో మిగిలిన ఒక పాల్ట్రాక్‌కు చుట్టూ లేచిన ఇళ్లు గాలిని అడ్డుకున్నాయి.

ఇంగ్లండులో ఈ మిల్లులకు ఆలస్యంగా చోటు దొరికింది. లండన్ లైమ్‌హౌస్‌లో చార్లెస్ డింగ్లీ కట్టించిన గాలి కోత మిల్లు మీద 1768 మే నెలలో కోత కూలీలు పడి ధ్వంసం చేశారు. అట్లాంటిక్ అవతల ఆ గొడవ లేదు. అక్కడ చెట్లకు కొదవ లేదు, కోసే చేతులకే కరవు. న్యూ ఇంగ్లండులో వలసదారులు 1630ల నుంచే వాగుల మీద కోత మిల్లులు కట్టుకున్నారు. ఒకే రంపం, నిలువు చట్రం, కింద నీటి చక్రం. కట్టడం మాత్రం సన్నగా, బాగా పొడుగ్గా ఉండేది; కారణం మొదట చెప్పిన లెక్కే. దుంగను మోసే చట్రం షెడ్డు ఈ కొస నుంచి ఆ కొసకు నడవాలి. కొసలు తెరిచి ఉంటాయి, ఒడ్డు మీది నుంచి దుంగను నేరుగా లోపలికి దొర్లిస్తారు. పొట్టు నేల సందుల్లోంచి వాగులోకి రాలేది. పొట్టు ఊడ్చే పని తప్పిందని మిల్లువాడు సంతోషించాడు గాని, దిగువన చేపలు గుడ్లు పెట్టే నీళ్లు పాడయ్యాయి.

వాగును వదిలించింది గుండ్రటి రంపం. సౌతాంప్టన్‌లో శామ్యూల్ మిల్లర్ 1777లో దీనికి హక్కు పత్రం పొందాడు. 1813లో అమెరికాలో తబితా బాబిట్ అనే ఆవిడ రాట్నం చూసి కనిపెట్టిందన్న కథ బాగా ప్రచారంలో ఉంది. తేదీలు చూస్తే ఆ కథ నిలవదు. ఎవరు మొదలుపెట్టినా, గుండ్రటి రంపం పైకీ కిందికీ ఆడదు, ఆగకుండా తిరుగుతుంది కాబట్టి వేగం ఎన్నో రెట్లు పెరిగింది. చక్రాల మీద లాక్కుపోయే ఆవిరి ఇంజను తోడయ్యేసరికి 19వ శతాబ్దపు రెండో సగంలో మిల్లు మళ్లీ అడవి బాట పట్టింది. ఎద్దులో గుర్రాలో ఇంజనును లాగేవి. రంపం, దుంగ నడిచే పట్టాలు విడదీసి బండి మీద వేసుకునేవారు. చెట్లున్న చోట నేల చదును చేసి అన్నీ బిగించేవారు. అక్కడి మాను అయిపోతే విప్పి ఇంకోచోటికి.

అలాంటి మిల్లు మీద షెడ్డు ఎలా ఉండేదంటే, దాదాపు ఏదీ ఉండేది కాదు. నాలుగు పచ్చి గుంజలు, పైన దుంగ పక్కల్లోంచి తీసేసిన బెరడు చెక్కలు. కప్పు అంతా రంపానికీ ఇంజనుకీ మధ్యనే. పట్టాల మీద నడిచే దుంగ ఎండలోంచి వచ్చి, నీడలో తెగి, మళ్లీ ఎండలోకి పోయేది. ఏడాదిలో విప్పేసే మిల్లుకు 40 అడుగుల కప్పు ఎవరు వేస్తారు? పైగా ఆవిరి ఇంజను పొగగొట్టంలోంచి నిప్పు రవ్వలు లేస్తాయి, కింద పొడి పొట్టు కుప్పలుంటాయి. కాలిపోతే బాధ పడనంత చవక కప్పే అక్కడ తెలివైన కప్పు.

కప్పు సామగ్రిని మార్చింది మిల్లువాళ్లు కాదు, రేవు ఇంజనీరు ఒకడు. లండన్ డాక్ కంపెనీలో పనిచేసే హెన్రీ రాబిన్సన్ పామర్ ఇనుప రేకును అలలు అలలుగా మడిస్తే దానంతట అదే గట్టిపడుతుందని గ్రహించి 1829లో హక్కు పత్రం తీసుకున్నాడు. మొదట కప్పింది కూడా రేవులోని షెడ్డునే. 1830లు దాటాక రేకుకు జింకు పూత పూసే పద్ధతి రావడంతో తుప్పు భయం తగ్గింది. రేకు తేలిక, నిప్పుకు అంటుకోదు, విప్పి ఇంకోచోట బిగించుకోవచ్చు. కోత మిల్లుకు అంతకు మించి ఏం కావాలి? పెంకుకూ తాటాకుకూ దగ్గర దగ్గరగా వాసాలు వెయ్యాలి. రేకుకు దూరం దూరంగా వేసిన అడ్డకర్రలు చాలు. గుంజల మధ్య ఎడం పెంచడానికి మొదటి దారి అలా పడింది.

ఈలోగా పెద్ద మిల్లులు ఇంకో దారిన పోయాయి. పట్టీలా సాగే రంపానికి లండన్‌లో విలియం న్యూబెరీ 1808లోనే హక్కు పత్రం పొందినా, అతుకు దగ్గర తెగిపోని పట్టీ తయారుకాక ఆ ఆలోచన పక్కన పడింది. అతికే పద్ధతిని ఫ్రెంచి మహిళ ఆన్ పోలిన్ క్రెపాన్ 1846లో సాధించింది. ఇవాళ బ్యాండ్ సా అని ప్రతి ఊరి మిల్లులో పిలిచేది దాని సంతతే. మందం తక్కువ కాబట్టి పొట్టు తక్కువ, పలక ఎక్కువ. గుండ్రటి రంపం ఒక్కో కోతకు సుమారు పావు అంగుళం కర్రను పొట్టు చేస్తే, సన్న పట్టీ రంపం అంగుళంలో పన్నెండో వంతుతో సరిపెడుతుంది. టేకు, రోజ్‌వుడ్ కోసేవాడికి ఈ తేడా డబ్బే. శాశ్వతపు మిల్లులు ఊళ్లకు ఊళ్లుగా పెరిగాయి. అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్ పక్క చాథమ్ దీవిలో 1883లో పెట్టిన ప్రభుత్వ మిల్లు అలాంటిదే. 1942లో జపాను బాంబు పడి ఏర్పడిన గొయ్యిని అక్కడ ఇప్పటికీ చూపిస్తారు. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడిన తెలుగువాళ్లకు చాథమ్ తెలిసిన పేరే.

చిన్న మిల్లు షెడ్డుకు నేటి రూపం వచ్చింది మిల్లుల్లోంచి కాక, అమెరికా పొలాల్లోంచి. 1930ల మాంద్యంలో సెయింట్ లూయిస్‌కు చెందిన డోన్ వ్యవసాయ సంస్థలో పనిచేసిన బెర్నన్ పెర్కిన్స్ రాతి పునాది లేకుండా పశువుల కొట్టాలు కట్టే పద్ధతికి మెరుగు పెట్టాడు. కుళ్లకుండా మందు పట్టించిన స్తంభాలను నేరుగా నేలలో పాతడం, వాటికే దూలాలు బిగించి రేకులు వెయ్యడం, అంతే. పాకలు వేసుకునే మన పల్లెలకు ఇందులో వింతేమీ కనిపించదు. అయితే మన పాక గుంజ నాలుగు వానలకు మొదట్లో మెత్తబడుతుంది, చెదలు మిగతాది చూసుకుంటాయి. ఆ గుంజను దశాబ్దాలు నిలబెట్టడమే అసలు విద్య.

ఆ విద్యలో తెలుగు పేరు ఒకటి ఉంది. డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో పనిచేసిన శొంఠి కామేశం 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిసిన మందు కనిపెట్టారు. రాగి బూజును చంపుతుంది, ఆర్సెనిక్ చెదలను చంపుతుంది, క్రోమియం ఆ రెంటినీ కర్రకు పట్టి ఉంచి వానకు కరిగిపోకుండా చూస్తుంది. ఆస్కు అనే పేరుతో అమ్మిన ఈ మందు తంతి స్తంభాలకూ, రైలు చెక్కలకూ, కంచె గుంజలకూ ప్రపంచమంతా పాకింది. లేత పచ్చ రంగు తేలిన గుంజ కనబడితే అది ఈ మందు తాగిన గుంజే కావచ్చు. ఆర్సెనిక్ భయంతో అమెరికాలో 2003 చివరికల్లా ఇళ్ల పనులకు దీన్ని ఆపేశారు గాని, పొలం కట్టడాల గుంజలకు వాడుక మిగిలింది. అలాంటి గుంజ ముక్కలను మాత్రం పొయ్యిలో పెట్టకూడదు, విషం బూడిదలో ఉండిపోతుంది. కోత మిల్లు షెడ్డు అనగానే నేడు అమెరికాలో గుర్తొచ్చే కట్టడం, పెర్కిన్స్ తీర్చిన పద్ధతికీ కామేశం మందుకూ పుట్టిందే.

1982లో ఇండియానాపొలిస్‌లో వుడ్‌మైజర్ సంస్థ మొదలైంది. బండికి తగిలించి లాక్కుపోగల సన్న పట్టీ రంపం దాని సరుకు. దుంగ ఇనుప మంచం మీద పడుకుంటుంది, రంపం తల ఇంజనుతో సహా పట్టాల మీద దాని పొడుగునా నడుస్తుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో పుట్టిన ఇంకో రకంలో గుండ్రటి రంపమే నడుస్తూ, ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా పడుకుని పలకను మూలకొట్టి తీస్తుంది. రెంటిలోనూ దుంగ కదలదు. గోతి కోతల తరవాత ఇన్నాళ్లకు నడక మళ్లీ రంపం వంతు అయింది, కప్పు నాలుగో వంతు తగ్గింది.

తగ్గిన కప్పులో చిక్కులు మాత్రం తగ్గలేదు. దుంగ పొడుగునా పక్క నుంచి ఎక్కుతుంది కాబట్టి ఆ పక్క 20 అడుగులకు పైగా నడుమ గుంజ ఉండకూడదు. అంత ఎడానికి ఒంటి పలక ఆగదు. రెండు మూడు వెడల్పు పలకలు కలిపి బిగించిన దూలమో, త్రికోణపు చట్రమో వెయ్యాలి; మంచు పడే చోట దాని మందం ఇంకా పెరుగుతుంది. దుంగనెత్తే ట్రాక్టరు చేతులు తగలకుండా చూరు 10, 12 అడుగుల ఎత్తున ఉండాలి. కప్పు వాలు దుంగ ఎక్కించే వైపుకు ఉంటే వాన నీరంతా ట్రాక్టరు తిరిగే దారిలోనే పడి బురద అవుతుంది. అందుకని అనుభవం ఉన్నవాళ్లు వాలును వెనక్కి తిప్పి, ముందు చూరును బాగా బయటికి లాగుతారు. పొట్టు చిమ్మే పక్క గోడ కట్టరు. గాలి వాటం చూసుకుని ఆ పక్కను తెరిచి ఉంచుతారు. కర్ర పొట్టు క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సరు పరిశోధనా విభాగం 1995లో తేల్చాక ఆ తెరపి సుఖం కోసమే కాదని అర్థమైంది. మిల్లు మంచాన్ని షెడ్డు గుంజలకు బిగించరు. చలి దేశాల్లో నేల గడ్డకట్టి ఉబ్బితే గుంజ లేస్తుంది, దానితో మంచం వంకర పోతే కోసిన పలక ఒక కొస మందం, ఒక కొస పలచన. కోసిన పలకలను ఎండబెట్టేది మాత్రం ఈ షెడ్డులో కాదు, పక్కన వేరే నీడలో, వరసల మధ్య పుల్లలు పెట్టి. అంగుళం మందానికి ఏడాది ఆరాలని పాత లెక్క.

ఇంకో సంగతి: ఈ షెడ్డుకు కావలసిన దూలాలూ అడ్డకర్రలూ ఆ మిల్లు మీదే కోసుకుంటారు. అందువల్ల యంత్రం కొన్న కొత్తలో టార్పాలిన్ కిందే ఉంటుంది. ఇలా సొంతంగా కోసుకున్న కర్రకు నాణ్యత ముద్ర ఉండదు. ఇల్లు కట్టడానికి అమెరికాలో చాలాచోట్ల నిబంధనలు ఒప్పుకోవు, పొలం కొట్టానికి చాలా రాష్ట్రాల్లో అడ్డు లేదు.

తెలుగునాట ఈ నడిచే మిల్లు వేళ్లూనలేదు. ఆంధ్రప్రదేశ్‌లో కోత మిల్లుల నియంత్రణకు 1969లోనే నిబంధనలు వచ్చాయి. అడవుల రక్షణ కోసం వేసిన గోదావర్మన్ తిరుముల్పాడ్ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12న ఇచ్చిన ఉత్తర్వుతో దేశమంతటా అనుమతి లేని మిల్లులు మూతపడే పరిస్థితి వచ్చింది, ఆ తరవాత కొత్త అనుమతులూ కష్టమయ్యాయి. అడవిని కాపాడాలంటే మిల్లు ఎక్కడుందో తెలియాలి. చెట్టు దగ్గరికి నడిచివెళ్లే మిల్లును కాపలా కాయడం ఎవరి తరం? కాబట్టి కలప అడితి పక్కనో, ఊరి చివరో అనుమతి పొందిన చోటే రేకుల షెడ్డు నిలబడి ఉంటుంది. లోపల నిలువు బ్యాండ్ సా, దాని ముందు పట్టాలు, పట్టాల మీద ట్రాలీ. వేప, తుమ్మ, మామిడి దుంగలు లారీల మీదా ట్రాక్టర్ల మీదా అక్కడికే వస్తాయి. పక్క చెక్కలు వంటచెరుకుగా పోతాయి, పొట్టు బస్తాలకెత్తుతారు. గ్యాసు రాకముందు ఆ పొట్టును నడుమ రోకలి నిలబెట్టి డబ్బాలో దట్టించి, రోకలి లాగేసి, పొట్టు పొయ్యి వెలిగించేవారు. ట్రాలీ దుంగను మోసుకుంటూ షెడ్డులోంచి బయటికి, మళ్లీ లోపలికి తిరుగుతూనే ఉంటుంది. ఇక్కడ ఇప్పటికీ నడవాల్సింది దుంగే.